మ్రింగిన రాతినార – ఎలుకలు చెప్పిన సాక్ష్యము

మన చంద్రపురమున బొగ్గుగనుల చుట్టును పెరిగిన బస్తీలలో తెలుగువారి యిండ్లను చూచినచో పైకప్పు తఱచుగా సిమెంటు రేకుగానే కనబడును. ఇరుగుపొరుగు మరాఠీవారు దానిని పత్రా అందురు, మనవారు రేకు అందురు. పేరేదైనను వస్తువు ఒకటే. వేసవిలో 46 డిగ్రీలు దాటు ఎండకు అది పెనమువలె కాగును. వానకాలమున దాని చూరునుండి జారు నీటిని తొట్లలోను డ్రమ్ములలోను పట్టి వాడుకొనుట మన యిల్లాండ్రకు అలవాటు. ఈ రేకులో రాతినార కలదనియు, రాతినారవలన కాన్సరు వచ్చుననియు పత్రికలలో చదివిన తల్లిదండ్రులు కొందఱు ఒక ప్రశ్న అడుగుచున్నారు: ఆ నీరు త్రాగిన బిడ్డల కడుపులో ఏమగును?

ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అట్లని భయపడి ఊరకుండదగినదియు కాదు. శాస్త్రజ్ఞులు దీనినే అడిగిరి. ప్రత్యుత్తరము కొఱకు వారు ముఖ్యముగా వెదకిన చోటు ఎలుకల ప్రేగులు. ఆ పరీక్షలు ఎట్లు జరిగినవో, వానివలన ఏమి తేలినదో, ఏమి తేలలేదో ఈ వ్యాసమున తెలుప యత్నించుచున్నాము. పై తరగతుల పిల్లలు దీనిని తల్లిదండ్రులకు చదివి వినిపించినచో మాకు సంతోషము.

మొదట ఆ వస్తువును గూర్చి రెండు మాటలు. రాతినార యనగా పేరునకు తగినట్లు నారవలె చీలు రాయి. ఇది మనకు పరాయిది కాదు. కడప జిల్లాలో పులివెందుల సమీపమున, బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల, వేంపల్లె శిలలని భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు సున్నపురాతి పొరలలోనికి పూర్వ మెప్పుడో కాగిన శిలాద్రవము చొచ్చుకొని వచ్చినది. ఆ వేడికి ఆ పొరలు మార్పు చెందగా, రాతిలో నరములవలె తెల్లని రాతినార యేర్పడినది. చాలకాలము దానిని అచ్చట త్రవ్వి తీసిరి. 1946లో హైదరాబాదున స్థాపింపబడిన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంటు ప్రోడక్ట్స్ అను సంస్థ చార్మినార్ గుర్తుతో రేకులు చేసి దేశమంతట అమ్మినది. మన పెద్దల నోట సిమెంటు రేకనగా చార్మినార్ రేకే. 1986 తరువాత మన ప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కౌలులు ఇచ్చుట మానినది. త్రవ్వకము తగ్గినది కాని వాడుక తగ్గలేదు. నేడు రష్యా మొదలగు దేశములనుండి రాతినార ఓడలలో దిగుమతి యగుచున్నది. రేకు బరువులో నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ళు రాతినార యుండును. మిగిలిన దానిలో ఎక్కువ భాగము సిమెంటు. నార కనబడదు, సిమెంటు దానిని పట్టియుంచును. రేకు పాతబడి పైపొర అరిగినప్పుడు, లేదా మనము దానిని కోసినప్పుడు, పగులగొట్టినప్పుడు ఆ పట్టు సడలును.

రాతినారలో పలు జాతులు కలవు. తెల్లనిది క్రిసోటైల్. దీని పోగులు మెత్తగా వంగును. పులివెందులది ఈ జాతియే, నేడు రేకులలో వాడబడునదియు నిదే. గోధుమవన్నెది అమోసైట్, నీలిది క్రోసిడోలైట్. ఇవి సూదులవలె బిఱుసైనవి. ట్రెమోలైట్ అను మఱియొకటి ఇతర ఖనిజములలో కల్తీగా తఱచు కానవచ్చును. మన వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు కాగా, క్రిసోటైల్ యొక్క ఒంటి పోగు మందము ఒక మైక్రానులో పదవ వంతునకు కూడ చాలదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లేక దానిని చూడజాలము. గుడ్డలో వడపోసినచో అది నిలువదు, నీటిని మరగించినచో చావదు. క్రిమి యైనచో చచ్చును కాని ఇది రాయి కదా!

రాతినార ధూళి పీల్చుటవలన ఊపిరితిత్తులు గట్టిపడి శ్వాస ఆడని వ్యాధి కలుగునని ఇరువదవ శతాబ్ది తొలి భాగముననే వైద్యులు గుర్తించిరి. 1960లో వాగ్నర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దక్షిణాఫ్రికాలో నీలి రాతినార గనులతో సంబంధించినవారియందు మీసోథీలియోమా అను అరుదైన కాన్సరును 33 మందిలో చూచి ప్రకటించిరి. ఊపిరితిత్తులను, కడుపులోని అవయవములను కప్పియుండు పలుచని పొరకు వచ్చు రాచపుండు అది. 1964లో న్యూయార్కున సెలికాఫ్ అను వైద్యుడు తన సహచరులతో కలసి, గొట్టములకు బాయిలర్లకు రాతినార పూత పూయు 632 మంది పనివారి మరణములను లెక్కించి చూచెను. ఊపిరితిత్తుల కాన్సరు మిక్కిలి హెచ్చుగా నుండుట ఆశ్చర్యము కాదు. జీర్ణకోశమునకు, పెద్దప్రేగునకు వచ్చు కాన్సరులును ఎదురుచూచిన దానికంటె హెచ్చుగా నుండుటయే ఆలోచింపజేసినది.

పీల్చిన ధూళి ప్రేగులలోనికి ఎట్లు పోయినది? మన శ్వాసనాళముల లోపలి గోడపై కంటికి కానరాని సన్నని కేశములు కలవు. అవి యెల్లప్పుడును కదలుచు, కఫమును, దానిలో చిక్కిన ధూళిని గొంతుక వైపునకు నెట్టుచుండును. అట్లు పైకి వచ్చిన దానిలో చాల భాగము మనకు తెలియకయే మ్రింగుదుము. కావున ధూళిలో పనిచేయువాడు రాతినారను పీల్చుటయే కాక తినుచును ఉండును. ఐనచో అతని ప్రేగుల వ్యాధికి మ్రింగిన పోగు కారణమా, లేక మఱియొకటియా? మనుష్యులలో ఈ రెండింటిని విడదీయుట కష్టము. ఎలుకలలో విడదీయవచ్చును. కొన్నింటికి ఆహారములో మాత్రమే రాతినార కలిపి పెట్టి, మఱి కొన్నింటిచే గాలిలో మాత్రమే పీల్పించి చూడవచ్చును. జంతువులపై ప్రయోగములు చేయుటకు గల ముఖ్యప్రయోజనము ఇదియే.

ఈ ప్రశ్నకు తొందర కలిగించిన సంఘటన 1973లో అమెరికాయందు జరిగినది. సుపీరియర్ సరస్సు ఒడ్డున సిల్వర్ బే అను చోట రిజర్వ్ మైనింగ్ కంపెనీ ఇనుపఖనిజమును పొడిచేసి, వ్యర్థమైన రాతిపిండిని దినమునకు సుమారు 67,000 టన్నుల చొప్పున సరస్సులో కుమ్మరించుచుండెను. ఆ సరస్సు నీటినే వడపోయక త్రాగుచున్న డులూత్ నగరపు కుళాయిలలో అమోసైట్‌ను పోలిన పోగులు కనబడినవి. జనులు బెంబేలు పడిరి. 1974 ఏప్రిల్ నెలలో మైల్స్ లార్డ్ అను న్యాయాధిపతి కర్మాగారమును మూసివేయవలసినదని ఆజ్ఞాపించెను. పై న్యాయస్థానము వెంటనే ఆ ఆజ్ఞను నిలిపివేసినది. పీల్చిన పోగు చంపునని అందఱును ఎఱుగుదురు. మ్రింగిన పోగు ఏమి చేయునో నిశ్చయముగా చెప్పగలవారు ఆనాడు లేరు. ఆ వ్యర్థమును సరస్సులో కుమ్మరించుట 1980లో నిలిచినది. డులూత్ నగరము వడపోత కేంద్రమును కట్టుకొన్నది. బొగ్గు త్రవ్వి, రాయి పిండిచేసి బ్రదుకు మన జిల్లావారికి ఈ కథలోని కష్టసుఖములు క్రొత్తవి కావు.

అంతకు ముందే చిన్న ప్రయోగములు కొన్ని జరిగియుండెను. 1965లో వెస్ట్‌లేక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఎలుకలకు ఆహారముతో రాతినార పెట్టి, వాని పెద్దప్రేగు గోడను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా, పోగులు ఆ గోడలోనికి చొచ్చినట్లు కనబడెను. 1974లో గ్రాస్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో మ్రింగిన పోగులు ప్రేగును దాటి దేహములోనికి పోయినట్లును, కాన్సరు కలిగించినట్లును నిదర్శనము దొరకలేదు. రెండును ఎలుకలే, రెండును రాతినారయే, ఫలితములు వేఱు. దీనికి ఒక కారణము ఊహింపవచ్చును. ఆ దినములలో రాతినార ప్రయోగశాలల వడపోత కాగితములలోను, నీటిలోను, గాలిలోను అంతటను ఉండెను. ఎలుక ప్రేగులో కనబడిన నాలుగు పోగులు ఎలుక తిన్నవా, లేక పరీక్షించు గాజుపలకపై తరువాత పడినవా యని తేల్చుట సులభము కాదు. అటు తరువాత 1979లో డులూత్ సంగతి పరిశోధించిన కుక్, ఓల్సన్ అనువారు వడపోయని సరస్సు నీరు త్రాగిన మనుష్యుల మూత్రములో ఆ జాతి పోగులనే చూపిరి. మూత్రములోనికి వచ్చినదనగా ప్రేగును దాటి, రక్తములో కలసి, మూత్రపిండములగుండా వచ్చినదని యర్థము. కావున మ్రింగిన పోగులలో మిక్కిలి కొద్ది భాగము ప్రేగును దాటగలదని అంగీకరింపవలసియున్నది. మిగిలినదంతయు మలముతో వెలికి పోవును.

కడుపులోని ఆమ్లము సైతము ఊరకుండదు. క్రిసోటైల్ పోగులోని మెగ్నీషియమును అది పైపొరనుండి కరగించి తీసివేయును. పోగు బలహీనపడి, దాని స్వభావము కొంత మాఱును. సూదులవంటి అమోసైట్, క్రోసిడోలైట్‌లు ఆమ్లమునకు అంతగా లొంగవు. ఈ కారణముచేతనే ఒక జాతిని పరీక్షించి అన్నింటికి తీర్పు చెప్పరాదు.

ఇక పెద్ద పరీక్ష సంగతి. అమెరికా ప్రభుత్వము పెద్దయెత్తున ప్రయోగములు చేయించినది. వాని నివేదికలు 1983 మొదలు 1990 వఱకు ఆ దేశపు జాతీయ విషపదార్థ పరీక్షా కార్యక్రమము పేర వెలువడినవి. క్రిసోటైల్, అమోసైట్, క్రోసిడోలైట్, ట్రెమోలైట్ అను నాలుగు జాతులను పరీక్షించిరి. క్రిసోటైల్‌ను మరల రెండుగా విభజించి, పొట్టి పోగులను ఒక గుంపునకు, నడిమి పొడవు పోగులను మఱియొక గుంపునకు పెట్టిరి. పొట్టివానిలో దాదాపు అన్నియు 10 మైక్రానులకు తక్కువ. నడిమివానిలో నూటికి 65 పాళ్ళు 10 మైక్రానులకు మించినవి. జంతువులు రెండు విధములు: ఫిషర్ జాతి ఎలుకలు, సిరియా దేశపు బంగారువన్నె హామ్‌స్టర్లు. ఈ హామ్‌స్టరు బుగ్గలలో సంచులు గల, ఎలుకను పోలిన చిన్న జంతువు.

ఆహారములో నూటికి ఒక పాలు రాతినార కలిపిరి. వినుటకు ఇది స్వల్పముగా తోచును. మనుష్యుడు దినమునకు ఒక కిలో ఆహారము తినునని కొందము. నూటికి ఒక పాలనగా 10 గ్రాములు; తులమునకు కొంచెము తక్కువ. దినమునకు తులమెత్తు రాతినార చొప్పున పుట్టిననాటినుండి చచ్చువఱకు తిన్నట్లు! పుట్టిననాటినుండి యని యూరక అనలేదు. తల్లి ఎలుకలకే మొదట ఆ ఆహారము పెట్టిరి; పిల్లలు పాలు విడిచిన పిమ్మట బ్రదికినంతకాలము అదే తినినవి. కొన్ని గుంపులలో పాలు త్రాగు వయస్సుననే పిల్లల నోటిలో గొట్టముద్వారా రాతినార నీటిని పోసిరి. సాధారణముగా ఒక గుంపునకు మగవి 250, ఆడవి 250. వానిని పోల్చి చూచుటకు రాతినార లేని అదే ఆహారము తిను జంతువులను ప్రక్కన పెంచిరి. పోల్చుటకు ఉంచిన ఈ గుంపు లేనిచో ప్రయోగము ప్రయోగమే కాదు. ఏలననగా ముసలి ఎలుకలకు రాతినార తినకయే కాన్సరులు వచ్చును. ఎరువు వేయని మడి ప్రక్కన లేనిదే ఎరువు వేసిన మడి పంట హెచ్చో తక్కువో రైతు చెప్పలేడు కదా.

చచ్చిన ప్రతి జంతువును కోసి, గొంతునుండి గుదము వఱకు జీర్ణనాళమునంతను పరీక్షించిరి. ఫలితమేమి? ట్రెమోలైట్ తిన్న ఎలుకలకు ఏమియు కాలేదు. క్రోసిడోలైట్, అనగా గాలిలో అత్యంత భయంకరమైన ఆ నీలి రాతినార, తిన్న ఎలుకలకును ఏమియు కాలేదు. అవి బ్రదికిన కాలము తగ్గలేదు, కాన్సరులు హెచ్చలేదు. పొట్టి క్రిసోటైల్ తిన్నవానికి ఏమియు లేదు. హామ్‌స్టర్లలో రాతినారకు అంటగట్టదగిన వ్యాధి కనబడలేదు. అమోసైట్ తిన్న మగ ఎలుకలలో కంఠమందలి థైరాయిడ్ గ్రంథికి వచ్చు ఒక విధమగు కాన్సరు, రక్తకాన్సరు కొంత హెచ్చుగా లెక్కకు వచ్చినవి. కాని పాలు త్రాగు వయస్సునుండియు అదే రాతినార నోట పోయబడిన గుంపులో ఆ హెచ్చు కనబడనందున, ఇది రాతినార పని కాదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఎక్కువ తిన్నదానికి లేని వ్యాధి తక్కువ తిన్నదానికి వచ్చినదనుట పొసగదు గదా.

ప్రేగులకు కాన్సరు కలిగించు డైమిథైల్ హైడ్రజీన్ అను మందును రాతినారతో పాటు ఎలుకలకు ఇచ్చి, రాతినార ఆ కాన్సరును పెంచునేమో యని కూడ చూడబోయిరి. అది ఫలింపలేదు. ఆ మందొక్కటియే ఎక్కువ ఎలుకలకు కాన్సరు తెప్పించినది. అప్పటికే నిండిన కుండలో మఱియొక చెంబు పోసినామో లేదో ఎవరు చెప్పగలరు?

ఇక ఒక్కటి మిగిలినది. నడిమి పొడవు క్రిసోటైల్ తిన్న మగ ఎలుకలు 250. వానిలో 9 ఎలుకల పెద్దప్రేగులో పాలిప్‌లు కనబడినవి. పాలిప్ అనగా ప్రేగు లోపలి గోడనుండి మొలకవలె లేచు గడ్డ. అది కాన్సరు కాదు, కాని కొన్ని పాలిప్‌లు కాలక్రమమున కాన్సరుగా మాఱవచ్చును. ఆ ప్రయోగములోనే పోల్చుటకు ఉంచిన మగ ఎలుకలు 85. వానిలో ఒక్కదానికిని లేదు. ఆడ ఎలుకలలో ఇట్టి హెచ్చు లేదు.

ఇచ్చట కొంచెము లెక్క చేయుదము. తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగలిగినదే. 250లో 9 అనగా నూటికి 3.6. ఆ పాళ్ళలోనే 85లో చూచినచో 3 రావలెను, వచ్చినది సున్న. 3కును సున్నకును గల తేడా కాకతాళీయముగా కూడ రావచ్చును కావున ఇంతమాత్రమున నేరము రుజువు కాదు. అందుచేత శాస్త్రజ్ఞులు అన్ని రాతినార ప్రయోగములలోను పోల్చుటకు పెంచిన మగ ఎలుకలను ఒకచోట చేర్చి లెక్కించిరి. అవి 524, వానిలో పాలిప్‌లు 3. అనగా నూటికి 0.6. ఆ పాళ్ళలో 250 ఎలుకలకు ఒకటియో రెండో రావలసియుండగా 9 వచ్చినవి. దీనిని కాకతాళీయమని కొట్టివేయుట కష్టము. పొట్టి పోగులు తిన్నవానికి రాక పొడుగు పోగులు తిన్నవానికి వచ్చుట గమనింపదగినది. గాలిలోని రాతినార విషయమునను పొడుగు పోగులే యెక్కువ హానికరములని తెలిసియున్నది. నివేదికలో వ్రాసిన తీర్పు మిక్కిలి జాగ్రత్తతో కూడినది: మగ ఎలుకలలో కాన్సరు స్వభావమునకు కొంత నిదర్శనము కలదు. స్పష్టమైన నిదర్శనమనలేదు, లేదనియు అనలేదు.

ఈ తొమ్మిది ఎలుకలనుండి ఒక చట్టము పుట్టినది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ త్రాగునీటిలో 10 మైక్రానులకు మించిన పోగులు లీటరునకు 70 లక్షలకు మించరాదని విధించినది. ఆ అంకెకు ఆధారము ఈ పాలిప్‌ల లెక్కయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రము, మ్రింగిన రాతినార హానికరమనుటకు స్థిరమైన నిదర్శనము లేదని చెప్పి, త్రాగునీటికి ఎట్టి హద్దును నిర్ణయింపలేదు. ఐనను 2021లో, రాతినార సిమెంటు గొట్టములను క్రొత్తగా వేయుట మానవలెననియు, నీటిలోనికి పోగులు రాలుట తగ్గింపవలెననియు సలహా నిచ్చినది. ఒకే సాక్ష్యమును చూచి ఇద్దఱు పెద్దలు రెండు విధముల తీర్పు చెప్పుట కోర్టులలోనే కాక శాస్త్రములోను కలదు.

ఎలుక బ్రదుకు రెండు మూడేండ్లు. మనుష్యులకు రాతినార వ్యాధులు ఇరువది మొదలు నలువది యేండ్లకు బయటపడును. కావున ఎలుకలో కనబడనిది మనుష్యునిలో లేదని ప్రమాణము చేయుట సాహసము. కాని మఱియొక ప్రయోగమును దీని ప్రక్కన పెట్టి చూచినచో సంగతి తేటపడును. మీసోథీలియోమాను దక్షిణాఫ్రికాలో గుర్తించిన ఆ వాగ్నరే తరువాత బ్రిటనులో పనిచేయుచు ఎలుకలచే రాతినార ధూళిని పీల్పించి, 1974లో ఫలితములు ప్రకటించెను. వానికి ఊపిరితిత్తుల కాన్సరులు వచ్చినవి, మీసోథీలియోమాలు వచ్చినవి. ఒక్క దినము మాత్రమే ధూళిని పీల్చిన ఎలుకలలో సైతము రెండింటికి మీసోథీలియోమా వచ్చినది. ఒక్క దినము! బ్రదికినంతకాలము నీలి రాతినారను తిన్న వందలాది ఎలుకలకు రానిది ఒక్క దినము రాతినారను పీల్చినవానికి వచ్చినది. రాయి యొకటే, జంతువు నొకటే, వేఱైనది దారి. మ్రింగినది చాలవఱకు రెండు దినములలో బయటికి పోవును. ఊపిరితిత్తుల అడుగున నాటుకొన్న పొడుగు పోగును వెలికి త్రోయుట దేహమునకు అసాధ్యము. దానిని మ్రింగివేయబోవు రక్షక కణము పోగంత పొడవు లేక మధ్యలోనే చిట్లును. ఆ చోట వాపు ఏండ్ల తరబడి రగులుచుండును.

చూరు నీటిని గూర్చి అడిగినవారికి ఎలుకలకంటె సమీపమైన సాక్ష్యము నార్వే దేశమున కలదు. అచ్చటి సముద్రతీరపు దీపస్తంభముల కాపలాదారులు రాతినార సిమెంటు కప్పులపై పడిన వాననీటిని తొట్లలో పట్టుకొని త్రాగిరి. ఆ నీటిలో లీటరునకు 176 కోట్లు మొదలు 7,135 కోట్ల వఱకు పోగులు కనబడినవి. అమెరికావారి హద్దు 70 లక్షలని మఱువరాదు. 726 మంది కాపలాదారులను దశాబ్దములపాటు పరిశీలించి 2005లో ప్రకటించిన లెక్కలో జీర్ణకోశపు కాన్సరు సాధారణ జనులలో కంటె ఒకటిన్నర రెట్లకు కొంచెము మించి కనబడినది. సంఖ్య చిన్నది, ఆహారపు అలవాట్లు మొదలగు ఇతర కారణములును ఉండవచ్చును. డులూత్ నగరమున తరువాతి యేండ్లలో ఇట్టి హెచ్చు నిలుకడగా కానరాలేదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2012లో ఊపిరితిత్తుల కాన్సరునకు, మీసోథీలియోమాకు, కంఠనాళపు కాన్సరునకు, స్త్రీల అండాశయ కాన్సరునకు రాతినార కారణమని నిశ్చయముగా చెప్పి, జీర్ణకోశము, పెద్దప్రేగు విషయమున మాత్రము సంబంధము కనబడుచున్నది కాని నిశ్చయము కాదని వ్రాసినది.

కావున అడిగిన తల్లులకు మా ప్రత్యుత్తరమిది. ఇదివఱకు రేకులపైనుండి జారిన నీరు త్రాగినందున బిడ్డకు కీడు మూడినదని దిగులు పడనక్కఱలేదు. ఎలుకల సాక్ష్యము అట్టి భయమును సమర్థించుటలేదు. ఐనను మఱియొక నీరు దొరకుచుండగా ఆ నీటిని త్రాగుటకును వంటకును వాడవలదు. పాత్రలు కడుగుటకు, మొక్కలకు వాడుకొనవచ్చును. మరగించిన చాలునని మోసపోవలదు. తొట్టి అడుగున చేరిన బూడిదవన్నె మడ్డిని ఎండనిచ్చి చీపురుతో ఊడ్చుటకంటె, తడిగా నున్నప్పుడే తీసివేయుట మేలు. ఏలననగా నీటిలోనున్న పోగు కంటె ఎండి గాలిలో లేచిన పోగు వేయి విధముల చెడ్డది.

మాకు నీటికంటె ధూళిని గూర్చియే యెక్కువ చింత కలదు. ఎండలు ముదిరి, ఇక వానలు వచ్చునన్న దినములలో మన బస్తీలలో జరుగు పనులను చూడుడు. పాత రేకులపై ఎక్కి పాచిని ఇనుపబ్రష్షుతో గీకుదురు. క్రొత్త రేకును ఱంపముతోనో, కరెంటు కోత మిషనుతోనో ముంగిట్లోనే కోయుదురు. తెల్లని పొడి పొగవలె లేచి, ఆరవేసిన బట్టలపైని, మంచముపై నిద్రించు పసిబిడ్డపైని పడును. మేస్త్రీ ముక్కునకు తుండుగుడ్డ కట్టుకొనును. మైక్రానులో పదవ వంతు పోగునకు తుండుగుడ్డ అడ్డమా? విఱిగిన ముక్కలతో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుదురు. మగపిల్లలు వానిని సుద్దముక్కలవలె నేలపై గీచి గోలీల గీతలు వేయుదురు. అరిగినది ఎచ్చటికి పోయినది? ఆ బిళ్ళను పిల్లవాడు నోట పెట్టుకొన్నాడని తల్లి అదరిపడి వీపున ఒకటి వేయును, దానితో గంటసేపు నేల గీచినప్పుడు మాత్రము ఏమియు అనదు. ఎలుకల సాక్ష్యము ప్రకారము ఆమె కోపము తాఱుమాఱైనది.

చెక్కుచెదరక పైన నున్న రేకును తొందరపడి పీకివేయవలెనని మేము చెప్పము. పీకునప్పుడు పగిలి లేచు ధూళి రేకు కంటె చెడ్డది. మార్చవలసి వచ్చినచో ముందుగా నీటితో బాగుగా తడిపి, పగులగొట్టక, మేకులు ఊడదీసి, నిండు రేకుగా దింపవలెను. విఱిగిన ముక్కలను తడిగానే మందమైన ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టవలెను; గోడ సందులు పూడ్చుటకు, బాటలో గుంటలు నింపుటకు వాడరాదు. ఆ పని చేసినవారు బట్టలను దులుపక తడిపి, వేఱుగా ఉతుకవలెను. పాఠశాలల విషయమున 2009లో కేరళ రాష్ట్ర మానవ హక్కుల సంఘము రాతినార కప్పులను తొలగించి మార్చవలెనని చెప్పియున్నది. మహారాష్ట్రమున మన బిడ్డలు చదువుకొను బడుల విషయమునను ఈ సంగతి తల్లిదండ్రుల సంఘములు అడిగి తెలిసికొనదగినది.

మన తండ్రులలో, తాతలలో కొందఱు యౌవనమున రేకుల కర్మాగారములలోనో, గనులలోనో, విద్యుత్కేంద్రముల బాయిలర్లకు పూత వేయు పనిలోనో కూలి చేసియుందురు. వారికి నేడు దగ్గు, ఆయాసము ఉన్నచో పొగత్రాగుడువలననో, బొగ్గుధూళివలననో యని ఊరకుందురు. రాతినార జబ్బు నలువది యేండ్లకును రావచ్చునని పైన చెప్పియుంటిమి. 1995 జనవరి 27వ తేదీన మన సుప్రీంకోర్టు కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, రాతినార పరిశ్రమలు ప్రతి పనివాని ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరిననాటినుండి 40 యేండ్లు, లేదా పని మానిన పిమ్మట 15 యేండ్లు, ఏది యెక్కువైన అంతకాలము భద్రపఱచవలెనని ఆదేశించినది. కావున అట్టి పనిచేసిన పెద్దలు ఇంటనున్నచో, ఎచ్చట, ఏ యేండ్లలో, ఏ పని చేసిరో బిడ్డలచేత ఒక కాగితముపై వ్రాయించి ఉంచుడు. వైద్యుని యొద్దకు వెళ్ళినప్పుడు ఛాతీ ఎక్స్‌రేతో పాటు ఆ కాగితమును చూపుడు, అడుగకయే చూపుడు.